అర్ధాంతరంగా ఆగిపోయే ఆటలు

మన కళాశాల విద్యార్థులలో వీడియో గేములు ఆడేవారు అనేకులు. వారిలో కొందరు ఆడటంతో తృప్తిపడక, ఆ ఆటలను నిర్మించే సంస్థలలో కొలువు సంపాదించాలని ఉవ్విళ్లూరుతున్నారు. విదేశీ సంస్థలకు ఆటలు తయారుచేసి ఇచ్చే కార్యాలయాలు హైదరాబాదులోనే ఉన్నందున ఈ కోరిక గాలిమేడ కాదు. దానిని మేము ఆక్షేపించబోము. అయితే ఈ పరిశ్రమను గురించి వారు ముందుగా తెలుసుకొనవలసిన విషయము ఒకటి ఉన్నది. పదులకొద్దీ మనుషులు ఏళ్ల తరబడి శ్రమించిన ఆట, అంగడికి చేరకముందే ఒక్క ఉత్తరువుతో రద్దయిపోవడం అక్కడ వింత కాదు. కథాప్రధానమైన పాత్రధారణ క్రీడలకు ఈ గండము మరీ ఎక్కువ. నిర్మించేవారి అసమర్థతే ఇందుకు కారణమని సామాన్యంగా అనుకొంటారు. మా అభిప్రాయము వేరు. ఆటను కల్పించేవాడు ఒకడు, పెట్టుబడికీ హక్కులకూ యజమాని మరొకడు కావడమే ఈ అకాలమరణాలలో పెక్కింటికి మూలమని మేము తలుస్తున్నాము.

పాత్రధారణ క్రీడలో ఆడేవాడు ఒక పాత్రను ధరించి, తన నిర్ణయాలతో కథను నడుపుకొంటాడు. దొంగను క్షమిస్తే కథ ఒక దారిన, శిక్షిస్తే మరొక దారిన పోతుంది. ఆటగాడు చూచేది ఒక్క దారినే. రచయితలు మాత్రం అన్ని దారులనూ రాయాలి; చిత్రకారులు అన్నింటికీ బొమ్మలు కట్టాలి; పరీక్షించేవారు అన్నింటా నడిచి చూడాలి. కార్ల పందెపు ఆటనైతే ఒక్క బాట పూర్తిచేసి, నడిపి చూచి, బాగోగులు నిర్ణయించవచ్చు. దీనికి ఆ వీలు తక్కువ. దారులన్నీ కలిసేదాకా ఇది గోడలు లేచి కప్పు పడని ఇల్లు. ఈలోగా ప్రచురణ సంస్థ కిస్తీల చొప్పున సొమ్ము ఇస్తూ ఉండాలి. ప్రతి కిస్తీనాడూ దాని కంటికి కనిపించేవి ఆ మొండిగోడలే.

ఉర్దూ విద్యార్థులకు తిలిస్మె హోష్‌రుబా సంగతి తెలిసే ఉంటుంది. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883లో ప్రచురించ మొదలుపెట్టిన ఆ మహా దాస్తానులో మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రచించాడు. ఆయన తప్పుకొన్న పిమ్మట మిగిలినవాటిని అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తిచేశాడు. కలం పట్టిన చేయి మారినా దాస్తాను ఆగలేదు. అమీర్ హంజా కథ ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక, దానిని చెప్పడానికి ఎవరి లైసెన్సూ అక్కరలేకపోయింది.

అమెరికాలోని బ్లాక్ ఐల్ స్టూడియోస్‌కు ఈ భాగ్యము లేకపోయింది. ఇది ఇంటర్‌ప్లే అనే కంపెనీలో ఒక విభాగము. 1998లో ఫాల్ఔట్ రెండవ ఆటను, 1999లో ప్లేన్‌స్కేప్ టార్మెంట్‌ను వెలువరించి పేరు గడించింది. ఆ తరువాత బాల్డర్స్ గేట్ మూడవ ఆటను, బ్లాక్ హౌండ్ అనే ఉపశీర్షికతో, నిర్మించసాగింది. ఆ కథ జరిగే ప్రపంచము డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పరుల సొత్తు. కంప్యూటర్ ఆటలకు దానిని వాడుకొనే లైసెన్సును ఇంటర్‌ప్లే పోగొట్టుకొన్నది. అంతటితో 2003లో ఆ ఆట ఆగిపోయింది. పనివారు అధైర్యపడక, దానికై తయారుచేసుకొన్న సాంకేతిక యంత్రాంగాన్నే ఫాల్ఔట్ మూడవ ఆటకు మళ్లించారు. దాని రహస్యనామము వాన్ బ్యూరెన్. రచయిత క్రిస్ అవెలోన్ ఆ కథను కంప్యూటర్‌లోకి ఎక్కించకముందే బల్లచుట్టూ సహచరులను కూర్చోబెట్టుకొని, కాగితాలతోనూ పాచికలతోనూ ఆడించి పరీక్షించాడు. ఇంత జాగ్రత్తపడిన ఆట కూడా బతకలేదు. అప్పులలో మునిగిన ఇంటర్‌ప్లే 2003 డిసెంబరులో విభాగాన్నే మూసివేసింది. మరుసటి నెలలోనే ఫాల్ఔట్ పేరు తగిలించిన ఒక పోరాటపు ఆటను విడుదల చేసింది. త్వరగా డబ్బు రాగలదనుకొన్న సరుకు అదే కాబోలు!

పేరుమీది హక్కును 2007లో బెథెస్డా సంస్థ 57.5 లక్షల డాలర్లకు కొన్నది. 2008లో ఆ సంస్థ వెలువరించిన ఫాల్ఔట్ మూడవ ఆట వేరే కథ. బ్లాక్ ఐల్‌నుంచి వచ్చినవారు 2003లో స్థాపించుకొన్న ఆబ్సిడియన్ సంస్థ, 2010లో ఆ కొత్త యజమాని తరఫుననే న్యూ వేగాస్ అనే ఆటను నిర్మించినప్పుడు, వాన్ బ్యూరెన్‌కై ఊహించిన సీజర్ సైన్యమూ హూవర్ ఆనకట్టా అందులో మళ్లీ కనిపించాయి. తాము అల్లిన కథలోకి తామే పరుల అనుమతితో ప్రవేశించవలసి వచ్చిందన్నమాట.

ఆబ్సిడియన్‌కు మరొక దెబ్బ 2012 మార్చిలో తగిలింది. మైక్రోసాఫ్టుకై నిర్మిస్తున్న స్టార్మ్‌లాండ్స్ రద్దు కాగా, ఇరవైమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాదే సెప్టెంబరులో సంస్థవారు కిక్‌స్టార్టర్ ద్వారా ఆటగాళ్లనే నేరుగా అర్థించారు. అడిగినది 11 లక్షల డాలర్లు. దాదాపు 74 వేలమంది కలిసి ఇచ్చినది 40 లక్షలకు కొంచెమే తక్కువ. పిల్లర్స్ ఆఫ్ ఇటర్నిటీ 2015లో పూర్తిగా బయటికి వచ్చింది. 2018లో అదే మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనివేయడం వేరే సంగతి. బాల్డర్స్ గేట్ మూడవ ఆటకూ ఎట్టకేలకు మోక్షము లభించింది, కాని వేరే కథతో, 2023లో. దానిని నిర్మించిన బెల్జియం సంస్థ లారియన్ లైసెన్సు పొంది, తానే ప్రచురించుకొన్నది. అసంపూర్ణ రూపాన్ని 2020నుంచే ఆటగాళ్లకు అమ్ముతూ పని కొనసాగించింది. మొండిగోడలు చూచి బెదరని యజమాని దొరకడమంటే ఇదే.

రద్దు చేయడమే పాపమని మేము అనడం లేదు. బ్లిజర్డ్ సంస్థ ఏడేళ్లు శ్రమించిన టైటన్‌ను, ఆడటంలో ఆనందము కుదరలేదని గ్రహించి, తానే నిలిపివేసి 2014లో ప్రకటించింది. అందులో మిగిలిన సామగ్రినుంచే 2016 నాటి ఓవర్‌వాచ్ పుట్టింది. జపానుకు చెందిన ప్లాటినమ్‌గేమ్స్ నిర్మిస్తున్న స్కేల్‌బౌండ్‌ను 2017 జనవరిలో మైక్రోసాఫ్టు రద్దు చేయగా, తప్పు ఇరుపక్షాలదీ అని ఆ సంస్థ ముఖ్యులే తరువాత చెప్పారు. చెడిన పనిని ఆపవలసిందే. మా అభ్యంతరమల్లా ఆపిన పిమ్మట జరిగేదానిని గురించి. సొమ్ము పెట్టినవాడికి నష్టము లెక్కల పుస్తకంలో ఒక పద్దు. మూడేళ్లు బొమ్మలు గీసిన యువకుడికో? విడుదల కాని ఆటలో అతని పేరు ఎక్కడా అచ్చుకాదు. గోప్యతా ఒప్పందముమీద సంతకము చేసి ఉంటే, తన బొమ్మలను తరువాతి ఉద్యోగానికి నమూనాగా చూపుకొనే స్వేచ్ఛ కూడా అతనికి ఉండదు. అనుభవము మూడేళ్లు, చేతిలో రుజువు సున్న.

రద్దయిన ఆటలోని కథను, బొమ్మలను కొంత గడువు తరువాత నిర్మించినవారికి తిరిగి ఇవ్వాలని, కనీసము వారు తమ పనిని చూపుకొనడానికైనా అనుమతించాలని ఒప్పందాలలో ఉండటం న్యాయము. కొత్తగా చేరే కుర్రవాడు దానిని ఒంటరిగా సాధించలేడు. అయినా సంతకానికి ముందు అడగడం తెలిసి ఉండాలి. అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: ఉద్యోగాల ఎంపికకై కంపెనీలవారు మన ఆవరణకు వచ్చే ముందు, ఒక న్యాయవాదిని పిలిపించి, ఒప్పందపు నమూనా ఒకదానిని వాక్యం వాక్యంగా, ఉర్దూలోనూ తెలుగులోనూ, చివరి సంవత్సరపు విద్యార్థులకు చదివి వివరింపజేయండి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక మధ్యాహ్నము చాలు.