మన వేదికపై నవ్వు ఎవరి మీద?

కొన్ని సంవత్సరాల క్రిందట మన మహాసభ ఒకదానిలో, ప్రతినిధుల సమావేశం ముగిసిన రాత్రి సాంస్కృతిక కార్యక్రమం జరిగినది. ఒక సోదరుడు మైకు ముందు నిలబడి, పల్లె నుండి వచ్చిన గ్రామీణ డాక్ సేవక్ ఒకరు అధికారి యెదుట తడబడుతూ మాట్లాడే తీరును అనుకరించినారు. యాస, వంగిన నడుము, చంకలోని సంచి, అన్నీ అచ్చు గుద్దినట్లున్నవి. హాలు దద్దరిల్లినది. మేమూ నవ్వినాము. వెనుక వరుసలలోని గ్రామీణ డాక్ సేవకులు మాత్రం నవ్వలేదు. వారిలో పెద్దవారొకరు మరునాటి ఉదయం టీ తాగుచోట మాతో, "కామ్రేడ్, ఆఫీసులో వాళ్లు నన్ను చూసి నవ్వుతారు. ఇక్కడ మీరూ నవ్వారు. మరి నా దగ్గర చందా ఎందుకు తీసుకున్నట్టు?" అన్నారు. మేము సమాధానం చెప్పలేకపోయినాము.

నేడు హైదరాబాదు వంటి నగరాలలో ఒక్క మనిషి, ఒక్క మైకుతో సాగే స్టాండప్ కామెడీ తెలుగులో కూడ వేళ్లూనుకొన్నది. మన యువ ఉద్యోగులు కూడ సభలలో అట్టి కార్యక్రమానికి సమయం అడుగుతున్నారు. ఇది సినిమా పిచ్చి వంటిదని, ఉద్యమ గాంభీర్యానికి తగదని కార్యవర్గాలలోని కొందరు పెద్దల అభిప్రాయం. దానితో మేము ఏకీభవించలేము. అయితే ఈ కళను కూడ పనిని నేర్చుకొన్నట్లు నేర్చుకొనవలెనని, నేర్చుకొనక వేదిక ఎక్కితే చేతికి అందేది బలహీనుని వెక్కిరింపు మాత్రమేనని మా అనుభవం.

నిజానికి ఇది మనకు కొత్త విద్య కాదు. బుర్రకథలో తంబుర పట్టిన కథకునికి ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ పల్నాటిదైనా, బొబ్బిలిదైనా, మధ్యలో నాటి ధరలు, నాటి పాలకులు వచ్చి తీరుతారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పినది. షేక్ నాజర్ దానిని శిఖరానికి చేర్చినారు. నిజాం ప్రభుత్వమూ, మద్రాసు ప్రభుత్వమూ దీనిని నిషేధించిన రోజులు కూడ ఉన్నవి. ఆ ఇద్దరు వంతల పనిని ఒక్కరే చేయగలిగితే అదే నేటి స్టాండప్ కామెడీ.

తపాలా సోదరులు తప్పక తెలుసుకొనవలసిన పేరు ఒకటున్నది. అమెరికాలో డిక్ గ్రెగరీ అను నల్లజాతి హాస్యకారుడు 1950ల చివర చికాగో నగరంలో పగలు తపాలా శాఖలో పనిచేస్తూ, రాత్రులు నల్లజాతివారు వచ్చే చిన్న క్లబ్బులలో నవ్వించేవాడు. జాతివివక్ష రాజ్యమేలుతున్న మిసిసిపీ రాష్ట్రానికి వెళ్లవలసిన ఉత్తరాలను విదేశీ టపా గడిలో వేసినందుకు ఆయన ఉద్యోగం పోయినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. సార్టింగు తెలిసిన మన ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఇందులోని చమత్కారం విప్పి చెప్పనక్కరలేదు. 1961 జనవరిలో మరొకరి బదులుగా ఒక పెద్ద క్లబ్బులో ఆయనకు అవకాశం దొరికినది. ఆ రాత్రి శ్రోతలు దక్షిణ రాష్ట్రాల నుండి వచ్చిన తెల్లజాతి వ్యాపారులు. వారి యెదుట జాతివివక్షనే హాస్యవస్తువుగా తీసుకొని, వారినే నవ్వించి నిలిచినాడు. తరువాత పౌరహక్కుల ఉద్యమంలో దిగి, 1963లో బర్మింగ్‌హామ్‌లో జైలుకు వెళ్లినాడు. ఆయన నవ్వించినది తన జాతివారి అవస్థను చూపి కాదు, ఆ అవస్థ కల్పించిన వ్యవస్థ తెలివితక్కువను చూపి.

ఇక వ్రాయుట ఎట్లు? మొదట మీ బల్ల మీదనో, మీ పట్టాల మీదనో ఉన్న ఒక నిజాన్ని పట్టుకొనండి. కల్పన అవసరం లేదు, మన శాఖలు ఆ పనిని మనకంటె బాగుగా చేస్తున్నవి! మరుగుదొడ్డి లేని ఇంజను నడిపే లోకో పైలట్ ఇట్లు మొదలుపెట్టవచ్చును: "పెట్టెకు నాలుగు మరుగుదొడ్లు. ఇరవై పెట్టెలకు ఎనభై. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో ఎనభై మరుగుదొడ్లను లాక్కుపోతాను, నాకు అందేది ఒక్కటీ లేదు." ఇందులో అబద్ధం లేదు, ఎవరి మీద తిట్టూ లేదు. గార్డుకో, స్టేషను మాస్టరుకో నొప్పి కలుగదు. మహిళా లోకో పైలట్ చెబితే ఇదే మాటకు మరింత పదును.

మన తెలుగు వాక్యంతో ఒక చిక్కున్నది. నవ్వు పుట్టించే మాట చివరనే పడవలెను, కాని మన వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. "ప్రభుత్వానిదే అయిన ఉత్తరం నా సంచిలో ఉంటుంది" అంటే నవ్వు మధ్యలోనే చచ్చిపోతుంది. నాలుగు గంటల పనికి మాత్రమే భత్యం పొందే గ్రామీణ డాక్ సేవక్, "నాలుగు గంటలు దాటగానే నేను ఉద్యోగిని కాను. నా సంచిలోని ఉత్తరం మాత్రం ప్రభుత్వానిదే" అని ఆగవలెను. ఆ తరువాత ఒక్క మాట కూడ కలుపరాదు. శ్రోతలు నవ్వుతుండగానే తొందరపడి తరువాతి మాట అందుకొనుట కొత్తవారు చేసే మొదటి తప్పు.

అయిదు నిమిషాలకు మించి వ్రాయకండి. వ్రాసినదానిని రన్నింగ్ రూములో నలుగురికి వినిపించి, నవ్వని చోట కొట్టివేయండి. ఆ నలుగురిలో, మీరు ఎవరిని గురించి చెబుతున్నారో వారొకరు తప్పక ఉండవలెను. వారు తలవంచుకొంటే, మిగిలిన ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేట్లు నవ్వినా సరే, ఆ మాట పోవలసినదే. భార్యల మీద, యాసల మీద, కులాల మీద, శరీరాల మీద మన వేదికలపై ఏండ్ల తరబడి సాగుతున్న హాస్యంలో ఎక్కువ భాగం ఈ పరీక్షకు నిలువదు. మేము వ్రాసుకొన్న వాటిలో కూడ సగానికి పైగా నిలువలేదు.

ప్రమాదం గురించి కూడ దాపరికం లేకుండ చెప్పవలెను. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి, రెండింటిలోను 9వ నియమం ప్రభుత్వ విధానాలపై బహిరంగ విమర్శను నిషేధిస్తున్నది. ఉద్యోగుల సర్వీసు పరిస్థితుల రక్షణకై సంఘ బాధ్యులు సద్భావంతో చెప్పే అభిప్రాయాలకు మినహాయింపు కలదు. గ్రామీణ డాక్ సేవకులకు 2020 నాటి వేరొక నియమావళి ఉన్నది. పూర్వం సభలో అన్నమాట సభలోనే ఉండేది. నేడు ఎవరి చేతి ఫోనులోనో చిక్కి, ముందువెనుకలు కత్తిరింపబడి, తెల్లవారేసరికి అధికారి బల్ల మీదికి చేరుతున్నది. ఇండోరులో ఒక హాస్యకారుడు 2021 జనవరి 1న అరెస్టయి, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు మంజూరు చేయువరకు జైలులోనే ఉండవలసి వచ్చినది.

కనుక కొత్తగా చేరిన కుర్రవానిని ఒంటరిగా మైకు ముందుకు త్రోసి, మెమో వచ్చిన నాడు మొగం చాటువేయుట సంఘానికి తగదు. అతడు చెప్పబోవునది బాధ్యులు ముందుగా వినవలెను. పదును తగ్గించుటకు కాదు, రేపు ఛార్జిషీటు వస్తే ఇది మా సంఘపు మాట అని సంతకం పెట్టుటకు. ఆ సంతకానికి సిద్ధపడని కార్యవర్గం సాంస్కృతిక కార్యక్రమంలో పాత సినిమా పాటలతో సరిపెట్టుకొనుట మేలు.

రాబోవు మహాసభలో ఈ కార్యక్రమానికి అరగంట కేటాయించవలెనని మేము ఆహ్వాన సంఘాన్ని కోరియున్నాము. మొదటి అయిదు నిమిషాలు గ్రామీణ డాక్ సేవకులకే. అది భోజనాలకు ముందే జరుగవలెనని కూడ కోరినాము, ఎందుకనగా భోజనానంతరం మన ప్రతినిధులను నవ్వించుట బ్రహ్మతరం కూడ కాదు.