ఎలక్ట్రానిక్స్ అభిరుచి: తొలి పనిముట్టు ఏది?

తెలుగు బోధించే మేము ఎలక్ట్రానిక్స్ గురించి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ విషయంలో మాకు గురువైనవాడు మా విద్యార్థియే గనుక పాఠకులు మన్నిస్తారని ఆశిస్తున్నాము.

గడచిన వర్షాకాలంలో మా ఇంటి రేడియో మూగవోయినది. లోపల ఏదో తీగ ఊడి ఉండునని తలచి, కొత్త సోల్డరింగ్ ఐరన్ ఒకటి కొని తెచ్చి, అనుమానం కలిగిన అతుకునల్లా కరిగించినాము. రేడియో పలుకలేదు సరిగదా, కాలిన వాసన ఇల్లంతా నిండినది. మరునాడు డిగ్రీ విద్యార్థి ఒకడు మల్టీమీటరుతో వచ్చినాడు. మొదట బ్యాటరీని కొలిచినాడు; బాగున్నది. పిదప బ్యాటరీ నుండి లోపలికి కరెంటు చేరుచున్నదా అని చూచినాడు, చేరుట లేదు. సముద్రపు ఉప్పుగాలికి బ్యాటరీ పట్టుపై పచ్చని చిలుము పట్టినది. గరుకు కాగితంతో రుద్దుట ఒక నిమిషం పని. మేము పాడుచేసిన రెండు అతుకులను సరిచేయుటకే అతనికి గంట పట్టినది!

ఆనాడు మేము నేర్చినదే ఈ వ్యాసానికి ప్రాణం. ఈ విద్యలో మొదట చేపట్టవలసినది కాల్చే పనిముట్టు కాదు, కొలిచే పనిముట్టు. కారణం తెలియక చేసే మరమ్మతు, రోగం తెలియక చేసే వైద్యం వంటిది.

కనుక విద్యార్థులారా, ముందు ఒక సాధారణ మల్టీమీటరు సంపాదించండి. వోల్టులు, ఓములు కొలిచి, తీగ తెగినదో లేదో శబ్దంతో చెప్పగలిగితే చాలును. ఒక బ్రెడ్ బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, కొన్ని రెసిస్టర్లు, రెండు ఎర్రని ఎల్.ఇ.డి. దీపాలు చేర్చండి. దీపానికి సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 7 వోల్టులను 470 ఓములచే భాగించండి. సుమారు 15 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఆ లెక్క కాగితంపై చేసి, మీటరులో చూచినప్పుడు కలిగే ఆనందం పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఆ తరువాతనే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, దానికొక స్టాండు, సన్నని సోల్డరు తీగ, నోస్ ప్లయరు, కట్టరు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు. సోల్డరు కరిగించునప్పుడు వచ్చే పొగ మంచిది కాదు గనుక కిటికీ తెరచి పనిచేయండి. సోల్డరులో సీసం ఉండవచ్చును గనుక పని ముగియగానే చేతులు కడుగుకొనండి. ఇంటి గోడలోని 230 వోల్టుల జోలికి మాత్రం నేర్చినవారు ప్రక్కన లేక పోరాదు. మైపాడు, కృష్ణపట్నం వైపు విద్యార్థులు పనిముట్లను మూత బిగువైన డబ్బాలో దాచుకొనుట మేలు. ఉప్పుగాలి ఇనుమును క్షమించదు.

ఇదే తీరాన దక్షిణంగా శ్రీహరికోట ఉన్నది. 1979 ఆగస్టు 10న అక్కడి నుండి లేచిన ఎస్.ఎల్.వి-3 రాకెట్ ఒక కవాటంలోని లోపం వలన బంగాళాఖాతంలో కూలినది. అబ్దుల్ కలాంగారి నాయకత్వంలోని బృందం నిరాశపడక లోపాన్ని వెదకి పట్టినది. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18న, అదే తరహా రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. రాకెట్టుకైనా రేడియోకైనా పద్ధతి ఒక్కటే: పరీక్షించుట, కారణం కనుగొనుట, ఆపైన సరిదిద్దుట.

ఒక్క సంగతి మా మనస్సును బాధించినది. ఆ మీటరు ఎవరిదని అడిగినప్పుడు, తన తండ్రి మెకానిక్ అని చెప్పుటకు ఆ విద్యార్థి తలవంచుకొన్నాడు. ఉర్దూలో పండితుణ్ణీ ఉస్తాద్ అంటారు, పనిలో ఆరితేరినవాణ్ణీ ఉస్తాద్ అంటారు. భాష చేయని భేదాన్ని మన డిగ్రీలు చేయుచున్నవి. ఇంటిలో ఉన్న విద్యను దాచుకొని, కళాశాలలో సూత్రాలు మాత్రం వల్లించే యువకుడు రెండు విధాల నష్టపోవుచున్నాడు.

అందుచేత కళాశాల కమిటీవారికి మా మనవి. ఖరీదైన ప్రయోగశాల అడుగుట లేదు. ఒక బల్ల, తాళం గల బీరువా, అయిదారు మీటర్లు చాలును. గ్రంథాలయం పుస్తకం అరువిచ్చినట్లే వీటిని విద్యార్థులకు, విద్యార్థినులకు సమానంగా అరువియ్యవచ్చును. కొన్ని పోవునన్న భయం సహజమే. పుస్తకాలు కూడ పోవుచున్నవి. అందుకని గ్రంథాలయాన్ని మూసివేయలేదు గదా! వారంలో ఒక సాయంత్రం పట్టణంలోని అనుభవజ్ఞుడైన మెకానిక్‌ను పిలిచి ఆ బల్ల వద్ద కూర్చుండబెట్టవచ్చును. ఆ ఉస్తాద్ తన తండ్రియే అయిన నాడు మా విద్యార్థి తలయెత్తి ఆ మాట చెప్పగలడు.