చూపుకు కూడా మజూరీ ఉంది

దోస్తులారా, ఈసారి సియాసత్ లేదు, షాయరీ లేదు. బండి స్టీరింగ్ గురించి రాస్తున్నా. నవ్వకండి. దీంట్లో నా గల్తీ ఒకటుంది, ఒక ఉస్తాద్ హక్కు ఒకటుంది.

పోయిన ఎండాకాలంలో అమ్మీకి బెంగళూరులో కంటి ఆపరేషన్ చేయించి అనంతపురం తీసుకొస్తున్నాం. రాత్రి పదకొండు దాటింది. మా పాత ఇన్నోవా హైవే మీద బాగానే పరిగెత్తింది. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర చాయ్ తాగుదామని వేగం తగ్గించి పక్కకు తిప్పబోతే స్టీరింగ్ బిగుసుకుపోయింది. రెండు చేతులా భుజం బలమంతా పెట్టి లాగితే గానీ తిరగలేదు. వెనక లారీ ఒకటే హారన్. కంటికి పట్టీతో అమ్మీ "యా అల్లా, క్యా హువా" అంటోంది.

బానెట్ ఎత్తి చూస్తే పవర్ ఆయిల్ డబ్బా ఖాళీ.

ఈ బండ్లలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఒకటి ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ బాక్స్‌లోకి తోస్తుంది. మనం ఎటు తిప్పితే అటు ఆ ఒత్తిడి మదద్ చేస్తుంది. ఆయిల్ పోయినా, బెల్టు తెగినా బండి తిరగడం మానదు; మన చేతికీ చక్రాలకూ మధ్య ఇనుప జోడు అలాగే ఉంటుంది. కాకపోతే మెహనత్ అంతా మన భుజాలదే. వేగంలో ఉన్నప్పుడు పెద్దగా తెలీదు. నెమ్మదించి తిప్పేటప్పుడే తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

అసలు సంగతి ఏమిటంటే, అప్పటికి నాలుగు నెలలుగా నేనే ఆయిల్ పోసుకుంటూ వస్తున్నా. తిప్పినప్పుడల్లా కుయ్ మని మూలుగు, ఓ పావు సీసా పోస్తే ఖామోష్. డీజిల్ లాగా ఖర్చయ్యే వస్తువా అది? మూసిన పైపుల్లో తిరిగి తిరిగి వచ్చే ఆయిల్. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నేను పోసిన ప్రతి సీసా మర్జ్‌ను కప్పిపెట్టిందే గానీ ఇలాజ్ చేయలేదు.

మర్నాడు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బాక్స్ మొత్తం మార్చాలన్నారు, 40 వేలకు పైమాట. గుండె జారింది. అక్కడి నుంచి గుత్తి రోడ్డులో మాకు తెలిసిన చాచా షెడ్డుకు పోయా. ఆయన గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి చేయి బయటికి పెట్టాడు, అరచేతిలో ఆయిల్‌తో కలిసిన ఎర్ర మట్టి.

"దసరాకు ముందే చెప్పినా గదా బేటా, రబ్బరు బూటు చినిగిందని."

చెప్పాడు. నిజమే. ఇంజిన్ ఆయిల్ మార్చడానికి పోయినప్పుడు, నేను అడక్కపోయినా, ఇలాగే కింద పడుకుని పది నిమిషాలు చూసి చెప్పాడు. "చూద్దాంలే చాచా" అని వచ్చేశా. ఆ పది నిమిషాలకు నేనిచ్చింది సిఫర్.

స్టీరింగ్ బాక్స్ రెండు చివర్లా హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగే ఆ బూటు. లోపల కడ్డీ అటూ ఇటూ జరుగుతుంటే దుమ్ము పోకుండా కాపాడేది అదే. వెల కొన్ని వందలు. మన జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, మిగతాదంతా ఎండా దుమ్మే. రాయదుర్గం అవతల బొమ్మనహాళ్, కణేకల్ వైపు పోతే హగరి ఒడ్డున ఇసుక దిబ్బలే లేచాయి. తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీల పొడి. ఎండకు రబ్బరు బీటలేస్తుంది, బీటలోంచి దుమ్ము దూరి గ్రీజుతో కలిసి కడ్డీని గీరుతుంది. గీరిన కడ్డీ సీలును కోస్తుంది. ఇక ఆయిల్ ఆగమన్నా ఆగదు.

నా కిస్మత్ బాగుండి గీతలు లోతుగా పడలేదు. లోతుగా పడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు, బాక్స్ మార్చాల్సిందేనని చాచా ముందే ఖుల్లంఖుల్లా చెప్పాడు. కాబట్టి సర్వీస్ సెంటర్ వాళ్లది పూర్తిగా ఝూట్ అనను. సీళ్లు, రెండు వైపులా బూట్లు, కొత్త ఆయిల్ అన్నీ కలిపి ఆరు వేల చిల్లర అయింది. పాత ఆయిల్ నల్లగా, కాలిన వాసనతో కారింది. ముందు చక్రాలు లేపి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పుతూ డబ్బాలో బుడగలు ఆగేదాకా గాలి తీశాడు. డబ్బాలో బ్రేక్ ఆయిల్ మాత్రం ఎప్పుడూ పోయొద్దన్నాడు, సీళ్లు ఉబ్బి పాడవుతాయట. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని కూర్చోవద్దని కూడా చెప్పాడు. పార్కింగ్‌లో నేను రోజూ చేసే పని అదే!

నా రాయ్ ఏమిటంటే, మనం సామానుకు పైసలిస్తాం, చూపుకు ఇవ్వం. చూసి "బాగుంది, పో" అనే ఉస్తాద్‌కు ఆ పూట రోజీ లేదు. ఏదో ఒకటి విప్పి మార్చినవాడికే గల్లా నిండుతుంది. ఈ దస్తూర్ పెట్టింది మనమే, మళ్లీ మెకానిక్‌లు బేఈమాన్ అని తిట్టేదీ మనమే.

ఆ రోజు షెడ్డులో బొలేరోతో వచ్చిన ఒక రైతు నా మాట విని నవ్వాడు. "ఊరికే చూసినందుకు కూడా దుడ్డేనా మామా?" అని చాచాను అడిగాడు. చెనిక్కాయ పంట పోయిన ఏడు ఆయనకు వంద రూపాయలంటే వందే, కాదనను. కానీ హకీమ్ నాడి పట్టి ఏమీ లేదని చెబితే ఫీజు వాపస్ అడుగుతామా? పైసలు తీసుకుని అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారు. ఉచితంగా చెప్పేవాళ్లూ ఉన్నారు మరి.

ఇక ముందు ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. 1988లో సుజుకీ సెర్వోతో మొదలైన కరెంటు మోటారు స్టీరింగ్ ఇప్పుడు చాలా చిన్న కార్లకు వచ్చేసింది. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా తయారుచేస్తున్న సెల్టోస్‌లోనూ అదే. పంపు లేదు, ఆయిల్ లేదు. అంటే ఉస్తాద్ దగ్గర అమ్మడానికి సీసా కూడా లేదు. బరువెక్కితే టైర్లో గాలి తగ్గిందా, బ్యాటరీ బలహీనమా, ఎర్త్ వైరు వదులైందా అని వెతకాలి. అంతా చూపే. బూటు మాత్రం వాటికీ ఉంది, దుమ్మూ అదే దుమ్ము. కంప్యూటర్ పెట్టి చూడాలంటే ఆ మిషన్ చాచా కొనాలి. చూసినందుకు పైసా రానివాడు ఏ ధైర్యంతో కొంటాడు? ఆయన షాగిర్ద్ ఒకడు అప్పుడే షెడ్డు వదిలి బెంగళూరులో డెలివరీ పనికి పోయాడు.

మొన్న జుమా తర్వాత బండి తీసుకెళ్లి ఊరికే చూడమన్నా. చూశాడు. ఏమీ లేదన్నాడు. 150 చేతిలో పెడితే వెనక్కి నెట్టాడు. జేబులో కుక్కితే నన్ను కాసేపు ఎగాదిగా చూసి, మళ్లీ గోనెసంచి పరిచాడు. "ఆగు బేటా, టై రాడ్ ఎండ్లు కూడా ఊపి చూస్తా."