సౌరఫలకముల క్రింది పావురములు

2024వ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము వెలువడి, మూడు కిలోవాట్ల పరికరమునకు 78,000 రూపాయలవఱకు సాయము ఏర్పడినది మొదలు మేడలపై సౌరఫలకములు హెచ్చినవి. వానితో పావురముల బెడదయు హెచ్చినదని సోదరీమణులు పలువురు మాతో చెప్పుచున్నారు. పైన నీడ, క్రింద జానెడు సందు, గ్రద్దకు అందని చోటు. పక్షికి ఇంకేమి వలయును?

నష్టము లేదని మేము అనము. ఫలకములోని గదులు గొలుసువలె కూర్పబడియుండును. ఒక్క గదిపై రెట్ట ఎండిపోయినచో తక్కినవాని పనియు తగ్గును. ఆ గది వేడెక్కి చెడుటయు గలదు. అంతకంటె భయంకరమైనది రెట్టధూళి. దానిని పలుమాఱు పీల్చిన కొందఱకు ఊపిరితిత్తుల వాపు పుట్టి, మానని వ్యాధిగా ముదురును. కావున పొడిచీపురుతో ఊడ్వరాదు. ముందు నీటితో తడిపి, మాస్కును చేతితొడుగులును ధరించి తీయవలయును. ఉబ్బసము గలవారిని ఆ పనికి పంపరాదు.

అంగళ్లలో దొరకు జిగురుపూతలను మేము మెచ్చము. అవి ఈకలకు అంటిన పక్షి ఎగురలేక చచ్చును. వదులుగా కట్టిన నైలాను వలలో కాళ్లు చిక్కుకొనును. ఇక ప్లాస్టిక్ గుడ్లగూబ యున్నది. పావురము నాలుగు దినములు జడిసి, అయిదవనాడు దాని తలపైననే కూర్చుండును!

మేలైనది తీగెజల్లెడ. తుప్పుపట్టనిదై, కన్ను అంగుళమునకు మించనిదై యుండవలెను. దానిని ఫలకముల అంచునకును కప్పునకును నడుమ చుట్టును కట్టి, చట్రమునకు కొక్కెములతో బిగింపవలయును. చట్రమునకు రంధ్రములు వేసినచో కంపెనీవారి పూచీ పోవచ్చును. రేకుతో మూయరాదు. ఫలకపు వేడిమి 25 డిగ్రీలు దాటినపిమ్మట ఒక్కొక్క డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.3 నుండి 0.4 శాతము తగ్గును గనుక గాలి ఆడవలెను. ఇది పనివారిచేతనే చేయింపుడు. మీట తీసినను, ఎండ యున్నంతవఱకు ఆ తీగెలలో విద్యుత్తు ఉండును.

ఇక అసలుమాట. పనివారు వత్తురు, గంటలో జల్లెడ బిగింతురు, కూలి పుచ్చుకొని పోవుదురు. లోపల పిల్లలున్నచో? తల్లి జల్లెడ చుట్టును కొట్టుకొనుచుండగా అవి ఆకలిచే చచ్చును. కావున ముందుగా రెండు సాయంకాలములు టార్చిదీపముతో ప్రతి సందును చూడవలయును. పావురము ఏడాది పొడుగునను గుడ్లు పెట్టుచుండును. ఇది గూడులేని మాసమని పంచాంగము చూచి నిర్ణయింప వీలులేదు. సాధారణముగా రెండు గుడ్లు. పొదుగుటకు సుమారు 18 దినములు, పిల్లలు ఎగురుటకు మఱియొక నెలకు పైగా. అనగా ఏడు వారములు. "గుడ్లేగదా, తీసి పాఱవేయుడు" అనువారు గలరు. ఏడు వారముల రెట్టకు మన యిల్లు మునిగిపోదని మా యభిప్రాయము. గూడున్న ప్రక్కను విడిచి తక్కిన ప్రక్కలను మూయింపుడు. పిల్లలు ఎగిరినంతనే, మరల గుడ్లు పెట్టక మునుపే, ఆ ప్రక్కనుగూడ మూయవలెను. నాటి సాయంకాలము పక్షి యేదైన జల్లెడను పొడుచుచు తిరిగినచో లోపల ఏదో చిక్కినదని తెలిసి వెంటనే తెఱపింపుడు.

వడియములను, పప్పులను ఎండబోయునపుడు పలుచని వస్త్రము కప్పుడు. మేడమీద గింజలు చల్లుట మానుడు. పిచ్చుకలకై వసారాలో వరికంకుల కుచ్చులు కట్టు మన యాచారమును మాత్రము మానవలదు. వ్రేలాడు కంకిపై పిచ్చుకకు దొరకినంత సులువుగా పావురమునకు పట్టు దొరకదు.