చదువు రాదా? బోర్డు కనబడదా?

ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్న చర్చ వచ్చినప్పుడల్లా పేదరికం, బాల్యవివాహం, మరుగుదొడ్లు, బడి దూరం అంటూ వరస అందరూ కంఠతా చెబుతారు. కళ్ల సంగతి మాత్రం అందులో ఉండదు. కళ్లంటే డాక్టర్ల వ్యవహారం, కాదంటే దాతలెవరో పెట్టే ఒకరోజు శిబిరం. ఆడపిల్ల చూపు కూడా హక్కుల సమస్యేనని ఒక సమావేశంలో నేనంటే పక్కనున్నావిడ నవ్వింది. ‘‘రేపు పంటినొప్పి కూడా పితృస్వామ్యమేనంటావా?’’ అంది. పంటి సంగతి నాకు తెలియదు. కంటి సంగతి చెబుతాను.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో, అటు మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఆడవాళ్లు వాకిట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. తునికాకు కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి. వెయ్యికింత అని కూలి. నలభై ఏళ్లు దాటేసరికి చత్వారం వస్తుంది, దారం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. బాగాలేవని ఏరి పారేసే బీడీలు పెరుగుతాయి, కూలి తగ్గుతుంది. అప్పుడు చాట తల్లి ఒళ్లోంచి కూతురి ఒళ్లోకి వెళుతుంది.

ఏ కూతురి ఒళ్లోకి? ‘చదువు రాని’ కూతురి ఒళ్లోకి. హ్రస్వదృష్టి ఉన్న పిల్లకు దూరాన ఉన్న బోర్డు మసకగా కనిపిస్తుంది, చేతిలో ఉన్నది మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. అంటే ఆ పిల్ల బడిలో మొద్దు, ఇంట్లో పనిమంతురాలు. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఆరో తరగతి అమ్మాయి గురించి వాళ్లమ్మ నాతో, ‘‘మా పొల్లకు కండ్లు మంచిగనె ఉన్నయక్కా, దారం ఎంత సన్నగ కడ్తదో సూడు. సదువే ఎక్కుతలేదు’’ అంది. ఆ పిల్ల కూడా కనబడటం లేదని ఎవరికీ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి లోకాన్ని ఒకే తీరుగా చూసిన పిల్లకు, పక్కపిల్లకు వేరేగా కనిపిస్తుందని ఎలా తెలుస్తుంది? పంతులు అడిగితే తలవంచుకునేది. తలవంచుకునే ఆడపిల్లను చూసి ఏ బడీ అనుమానించదు గదా, మెచ్చుకుంటుంది.

పరీక్ష చేయించాం, అద్దాలు వచ్చాయి. రెండు వారాల తర్వాత వెళితే అవి దస్తీలో చుట్టి బీరువాలో ఉన్నాయి. దుబాయి నుంచి తండ్రి ఫోన్ చేశాడట, ‘‘అద్దాల పిల్లను రేపెవడు చేసుకుంటడు?’’ అని. అదే ఇంట్లో ఆమె అన్న అద్దాలు పెట్టుకుని ఇంటర్‌కు పోతున్నాడు. వాడికవి చదువుకున్నవాడి గుర్తు, ఈమెకు కట్నం పెంచే లోపం. దీన్ని అజ్ఞానం అనకండి. పెళ్లి మార్కెట్టు లెక్క ఆ తండ్రికి చక్కగా తెలుసు. ‘అవగాహన సదస్సు’ పెడితే ఆ లెక్క మారదు.

ఒకప్పుడు పిల్లల కళ్లంటే రేచీకటి. దేశంలో 1970 నుంచి విటమిన్ ఏ ద్రావణం వేయడం మొదలైంది. ఇవాళ బడి వయసు పిల్లల ముఖ్య సమస్య వేరు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం దృష్టిదోషమని, అంటే అద్దాలతో సరిదిద్దగలిగేదని తేలింది. కాకపోతే పిల్లల కళ్లకు గడువుంటుంది. బద్ధకించిన కంటిని ఏడెనిమిదేళ్లలోపు పట్టుకోకపోతే తర్వాత అద్దాలిచ్చినా పూర్తిగా అందుకోవడం కష్టం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగులో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. 2023 జనవరిలో మొదలైన రెండో విడత 18 ఏళ్లు నిండిన వాళ్లకు. మరి పిల్లలు? వాళ్లను చూడాల్సింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దాని సంచార బృందం ఏడాదికొకసారి బడికి వచ్చి, ముప్ఫై రకాల ఆరోగ్య సమస్యలకు పిల్లలందరినీ చూడాలి. అన్నిటి మధ్య కంటికి మిగిలేది ఎన్ని నిమిషాలు? పైగా లెక్కలన్నీ ఎన్ని జతలు పంచామన్నదే. ఎంతమంది పెట్టుకుంటున్నారన్న లెక్క నాకెక్కడా ఎదురుకాలేదు. ఎదిగే పిల్లలకు పవర్ మారుతుంది, పోయినేటి అద్దం ఈ ఏటికి పనికిరాకపోవచ్చు.

చైనా పల్లెల్లో 252 ప్రాథమిక బడుల్లో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. ఉచితంగా అద్దాలిచ్చిన పిల్లలకు లెక్కల్లో మార్కులు పెరిగాయి. అయినా చెప్పకుండా వెళ్లి చూస్తే అద్దాలు పెట్టుకున్నవాళ్లు సగం మంది కూడా లేరు! చేతిలో పెట్టి ఫొటో తీయించుకుని వెళ్లిపోతే ఎక్కడైనా అంతే.

2009 విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్ చదవండి. ప్రాథమిక విద్య పూర్తి చేయకుండా అడ్డుపడే ఏ ఖర్చూ పిల్లల మీద పడకూడదంటుంది. బోర్డు కనబడకుండా చదువు పూర్తి చేయడం సాధ్యమా? పాఠ్యపుస్తకం ఇవ్వకపోతే ఊరంతా అడుగుతుంది. ఆ పుస్తకం చదివే కన్ను ఎవరి దయ మీదో ఎందుకు ఆధారపడాలి? అద్దాలు దానం కావు, బడి సామాను. విరిగితే మార్చే బాధ్యత, బీరువాలో దాస్తే ఇంటికెళ్లి అడిగే బాధ్యత బడిదే.

2024లో బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, మహిళా సమాఖ్యల అధ్యక్షురాళ్లే వాటికి అధ్యక్షులు. నల్లాలు, మరుగుదొడ్లు, యూనిఫాంల కుట్టు వాళ్లకు అప్పగించారు. గోడల సున్నం చూసే ఆ ఆడవాళ్లు పిల్లల కళ్లు చూడకూడదా? కావలసింది అక్షరాల చార్టు, ఆరు మీటర్ల తాడు, నేర్చుకున్న ఒక టీచరు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఇది జరగాలని తీర్మానం రాయించండి. అద్దాలున్న అమ్మాయిల పేర్లు రాసుకుని, నెలనెలా ఎవరి ముక్కు మీద ఉన్నాయో చూడండి.

తల్లులను కూడా మరవకండి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, దగ్గరచూపు అద్దాలిచ్చి చూశారు. 2018లో ఫలితాలొచ్చాయి. అద్దాలు లేనివాళ్ల కంటే వాళ్ల పని దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. బీడీల తల్లికి దారం కనబడితే చాట ఆమె ఒళ్లోనే ఉంటుంది. అందుకే బడిలో పిల్లల పరీక్ష పెట్టిన రోజునే తల్లులకూ పెట్టమని ఆ తీర్మానంలోనే రాయించండి.