జిమ్మీకి రేచీకటి

మా జిమ్మీ లాబ్రడార్ కుక్క. అయిదేళ్ళు నిండాయి. పగలంతా హుషారుగా తిరిగేదల్లా పొద్దుగూకితే చాలు, మెట్ల దగ్గర ఆగిపోవడం మొదలెట్టింది. కరెంటు పోతే గోడకి కొట్టుకునేది. విటమిన్ లోపమేమోనని రోజూ కారెట్ ముక్కలు, కార్జం ఉడికించి పెట్టాను. గుణం కనిపించలేదు.

పశువుల డాక్టరుగారు కళ్ళు చూసి, రక్తం తీసి జన్యు పరీక్షకి పంపించారు. "ఇది తిండి లోపం కాదమ్మా, వంశంలో వచ్చింది. పీ.ఆర్.ఏ. అంటారు" అన్నారు. కంటి వెనక రెటీనా పొరలో మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ముందు చచ్చిపోతాయట. ఆ తర్వాత పగటి చూపునిచ్చేవి. నొప్పి ఉండదు, జిమ్మీకి వచ్చిన రకానికి మందూ లేదు.

ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తగారు "తల్లి కుక్కలోనే ఏదో లోపం ఉండుంటుంది" అనేశారు. నేనూ అలాగే అనుకున్నాను సుమండీ! కానీ డాక్టరుగారు చెప్పింది వేరు.

బీరువాకి రెండు తాళం చెవులున్నాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకటి వంకరపోయినా రెండోదానితో పని జరిగిపోతుంది. రెండూ వంకరవైతేనే చిక్కు. జిమ్మీ తల్లికీ తండ్రికీ చెరొక వంకర చెవి ఉంది. మంచిదీ ఉంది కనుక రెండింటి చూపూ బాగుంది. అలాంటి జంటకి పుట్టే ప్రతి పిల్లకీ చూపు పోయే అవకాశం 25 శాతం. పైకి బాగుండి లోపాన్ని మోసే అవకాశం 50 శాతం. అసలు లోపమే లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

ఆరా తీస్తే ఆ తల్లీతండ్రీ ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్ళని తేలింది. దగ్గర రక్తమైతే ఒకే వంకర చెవి ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. మన మేనరికాల్లోనూ ఉన్న భయం ఇదే కదా!

ఈ పీ.ఆర్.సీ.డీ. జన్యువులోని మార్పుని శాస్త్రవేత్తలు 2006లో పట్టుకున్నారు. అచ్చంగా అదే మార్పు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న ఒక మనిషిలోనూ దొరికింది. బ్రియార్డ్ జాతి కుక్కల్లో చెడేది వేరే జన్యువు, ఆర్.పీ.ఈ.65. 2001లో వాటి కంట్లోకి మంచి జన్యువు ఎక్కించి చూపు తెప్పించారు. ఆ బాటలోనే 2017లో మనుషులకీ అమెరికాలో చికిత్స అనుమతి పొందింది. అది ఆ ఒక్క జన్యువుకే, మా జిమ్మీకి పనికిరాదు.

కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్ళు తల్లీతండ్రీ ఇద్దరి జన్యు పరీక్ష కాగితాలూ అడగండి. లోపాన్ని మోసే కుక్కని వెలివేయక్కర్లేదు. ఆ లోపం లేని కుక్కతో జత కడితే ఏ పిల్లకీ ఈ జబ్బు రాదు. ఇప్పటికే చూపు తగ్గిన కుక్క ఉంటే కుర్చీలు, మంచాలు జరపకండి. నీళ్ళ గిన్నె ఒకే చోట పెట్టండి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి.

ఇంకో మాట. పిల్లలకి ఏ లోపమొచ్చినా మన ఇళ్ళల్లో ముందు కోడలి వంకే చూస్తారు. ఇలాంటి జబ్బుల్లో ఇద్దరూ ఇస్తేనే వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. ఈ తాళం చెవుల సంగతి మా అత్తగారికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "పాపం, ఆ తల్లినెందుకు అన్నానే" అన్నారు. ఇప్పుడు సాయంత్రం కాగానే వరండాలో లైటు వేసేది ఆవిడే.