బొంత కుట్టే చేతికి సెలవేది?

ఉర్దూలో గూదడి అన్నా, తెలుగులో బొంత అన్నా వస్తువు ఒక్కటే. పాత చీరలు, లుంగీలు, దుప్పట్లు ఉతికి ఆరబెట్టి, పొరలు పొరలుగా పరచి, సూదితో బిగించి కుట్టిన పక్క. పసిబిడ్డ పుట్టగానే పొత్తిళ్ళ కింద పరిచేది దాన్నే. చలికాలం ముసలివాళ్ళు కప్పుకునేది దాన్నే. అయితే దాన్ని కుట్టిన మనిషి గురించి మనం ఎన్నడైనా ఆలోచించామా?

"మీ ఇంట్లో ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగితే, "ఏమీ చేయదండీ, ఖాళీగా ఉన్నప్పుడు బొంతలు కుడుతుంది" అని జవాబు వస్తుంది. ఈ 'ఖాళీ' అన్న మాట దగ్గరే మా అభ్యంతరం.

పిల్లలకు పాఠాలు చెప్పే అలవాటు కొద్దీ ఒక చిన్న లెక్క వేద్దాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బొంత తీసుకోండి. అంగుళానికి ఒక వరుస చొప్పున పొడవునా కుడితే సుమారు 48 వరుసలు. అంగుళానికి మూడు కుట్లు వేసినా వరుసకు 216, మొత్తం పది వేల పైచిలుకు కుట్లు. నాలుగైదు పొరల గుడ్డలోంచి సూది దిగాలి కదా! వరుసకు 20 నిమిషాలు అనుకున్నా కుట్టుకే 16 గంటలు పడుతుంది. గుడ్డలు ఉతకడం, ముక్కలు కత్తిరించి జత చూడడం, నేల మీద పరచి మూలల్లో బరువులు పెట్టడం, అంచు మడవడం ఇందులో చేరలేదు.

ఈ 16 గంటలు ఆమెకు ఎక్కడి నుంచి వస్తాయి? ఫజర్‌కు లేచిన మనిషి టిఫిన్లు, బడి పిల్లలు, వంట, గిన్నెలు అన్నీ ముగించుకుని, జొహర్ తర్వాత వరండా వెలుతురులో కూర్చుంటుంది. అసర్ వేళకు మళ్ళీ పొయ్యి దగ్గరకు. ఆ మధ్యలో దొరికేది రెండు గంటలు. అంటే ఒక బొంతకు ఎనిమిది రోజుల విశ్రాంతి ఖర్చవుతుంది. ఖాళీ అంటే ఇదేనా?

మన తెలుగు ముస్లిములలో దూదేకుల సోదరులు తరతరాలుగా వింటితో దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టి బతికారు. వీధిలో వింటి చప్పుడు వినిపిస్తే పిలిచి బేరమాడి, పని కాగానే కూలి ఇచ్చేవారు. మగవాడు దూది పట్టుకుంటే అది వృత్తి, ఆడమనిషి సూది పట్టుకుంటే అది కాలక్షేపం. ఈ తేడా ఎవరు పెట్టారు?

ఈ పని విలువ గుర్తించిన చోట్లు లేకపోలేదు. పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలున్నారు. వారిలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు ఉన్నారు. ఆ స్త్రీలు కవంది అనే బొంతను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పుతూ మధ్యకు కుట్టుకొస్తారు. నాలుగు మూలలా 'పూలు' అనే చిన్న ముక్కలు పెడితేగాని అది పూర్తయినట్టు కాదు. ఆ బొంతలు నేడు ప్రదర్శనల్లోకి ఎక్కాయి.

అమెరికాలో అలబామా రాష్ట్రపు నల్లజాతి స్త్రీలు చలికి ఆగలేక, పొలానికి కట్టుకెళ్ళిన పాత బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. 1966లో అక్కడ ఒక సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్ముకున్నారు. జీస్ బెండ్ అనే పల్లె బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో తపాలా బిళ్ళల మీద ముద్రించారు. అయినా తమకు రావలసింది రాలేదంటూ 2007లో ఆ కుట్టేవారిలో కొందరు కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. పేరు వేరు, కూలి వేరు. పొగడ్తతో పొయ్యి వెలగదు.

ఇక షికార్ల సంగతి. సెలవుల్లో కుటుంబమంతా గోల్కొండకో, జూపార్కుకో, సముద్రపు ఒడ్డుకో బయలుదేరుతుంది. ముందురోజు రాత్రి బగారా అన్నం, కబాబులు సర్దేది ఆమే. తీరా బస్సెక్కే వేళకు, "ఫలానా వాళ్ళ బొంత ఇవ్వాలిగా, నువ్వు ఉండిపో అమ్మీ" అంటారు. వెంట తీసుకెళ్ళినా చెట్టుకింద సామాను కాపలా ఆమెదే. పిల్లలు కోట ఎక్కి దిగుతారు, ఆమె టిఫిన్ డబ్బాలు లెక్కపెట్టుకుంటుంది. కుతుబ్‌షాహీ గుంబదుల మీది సున్నపు పని, పూల తీగలు కంటినిండా చూసే హక్కు, రంగు, ఆకారం చేతిలో ఉన్న ఆ మనిషికి అందరికంటే ఎక్కువ కాదా?

"ప్రేమతో చేసేదానికి వెల కడతారా?" అని కొందరు అడుగుతారు. మనవడికి కుట్టిన బొంతకు వెల కట్టమని మేము అనడం లేదు. ఆ ప్రేమకు బదులుగా ఇంటిపని పంచుకోండి, చాలు. కాని ఇరుగుపొరుగు తెచ్చి ఇచ్చిన బొంత పని అలాంటిది కాదు. "గుడ్డలు మావే కదా, దారం డబ్బులిస్తాం" అనడం న్యాయం కాదు. దారం డబ్బు దారానికే సరి. చేతికి ఏది?

కనుక సోదరులారా, మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బొంత కుట్టమని ఇచ్చేటప్పుడే కూలి మాట్లాడుకుందాం, బొంత చేతికి రాగానే చెల్లిద్దాం. ఆ డబ్బు ఆమెదే. స్త్రీ సంపాదన మీద హక్కు స్త్రీదేనని మన దీన్ ఏనాడో తేల్చింది కాబట్టి, ఇంటి ఖర్చుకు అడగకుండా తీసుకోవద్దు. నలభై దాటిన కళ్ళకు సూదిబెజ్జం కనబడదు. కళ్ళజోడు ఇప్పించడం వాయిదా వేయవద్దు. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ సూదిలో దారం ఎక్కించడం నేర్పుదాం.

వచ్చే సెలవుకు షికారు అనుకుంటే వంట మగవాళ్ళు చేయండి, లేదా హోటల్ నుంచి తెప్పించండి. సామాను దగ్గర వంతులు వేసుకుని కూర్చోండి. బొంత ఇవ్వవలసిన వాళ్ళకు ఇంకో వారం ఆగమని మీరే వెళ్ళి చెప్పండి.